స్ప్రింగులను చూసి సైకిలు కొనకండి

ఈ రోజుల్లో సైకిళ్ళ దుకాణం ముందు నిలబడితే కళ్ళు చెదురుతాయి. లావుపాటి టైర్లు, ముందు రెండు స్ప్రింగులు, సీటు కింద మరో స్ప్రింగు, చక్రాలకు మెరిసే డిస్కులు, గొట్టం మీద "21 గేర్లు" అనే రంగుల కాగితం. వీటిని ఎం.టి.బి. అంటున్నారు. అంటే కొండదారుల సైకిలు. వీటితో పొలాల బాటల మీద, గుట్టల మీద పెట్టే పోటీని క్రాస్ కంట్రీ అంటారు. చదునైన రోడ్డు కాక రాళ్ళు, ఇసుక, ఎత్తుపల్లాలు వున్న దారిలో నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టును అనేకసార్లు తిరగాలి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఈ పోటీ ఒలింపిక్ క్రీడ అయింది.

మీలో కొందరికి అలాంటి పోటీలో పాల్గొనాలని వుంటుంది. మంచి కోరికే. కాని పత్తి అమ్మిన డబ్బులోంచో, కూలి డబ్బులోంచో మీ ఇంట్లో పదిహేను వేలు తీసి యిస్తే, అవి వెంటనే తిరిగి వచ్చే డబ్బులు కావు. అందుకే ఆ డబ్బును మెరుపుల మీద కాక, లెక్కల మీద ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం. ఆ లెక్కలు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే వున్నాయి.

ముందుగా ఒక చరిత్ర వినండి. 1976లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు యువకులు కొండ మీంచి మట్టిదారిన సైకిళ్ళ పందెం పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర వున్నవి 1930ల, 1940ల నాటి పాత బరువు సైకిళ్ళు. స్ప్రింగులు లేవు. డిస్కులు లేవు. పైడిలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక హబ్బులో వుండేది. కొండ దిగేసరికి ఆ హబ్బు ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు కాలి పొగ వచ్చేది. మళ్ళీ దిగాలంటే కొత్త గ్రీజు నింపాలి. మళ్ళీ నింపడం అనే అర్థం వచ్చే మాటే ఆ పందేనికి పేరయింది: "రీప్యాక్". ఈనాటి కొండదారుల సైకిలు ఆ పాత సైకిళ్ళ నుంచే పుట్టింది. ఏది పనిచేస్తుంది, ఏది చేయదు అని ఒక్కొక్కటే పరీక్షించి వాళ్ళు మార్చుకుంటూ పోయారు. మనమూ అలాగే పరీక్షిద్దాం.

చిట్యాలనే తీసుకుందాం. ఊరిని ఒరుసుకుంటూ హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి పోతుంది. సాధన కోసం ఆ రోడ్డెక్కకండి. లారీల పక్కన సైకిలు నేర్చుకోకూడదు. రహదారి వదిలి ఏ పక్కకు పోయినా ఎర్ర చెలకలు, మొరం బాటలు, నల్లరాతి గుండ్లు, చెరువు కట్టలు, వాగు ఇసుక కనిపిస్తాయి. దారి పొడవునా పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. మీ సైకిలు ఈ నేలకు తగాలి, దుకాణంలోని గచ్చుకు కాదు.

మొదటిది కొలత. "ఎదిగే పిల్లవాడు కదా" అని చొక్కా ఒక సైజు పెద్దది కొన్నట్టు సైకిలు కొనకూడదు. పై గొట్టానికి అటూ యిటూ కాళ్ళు పెట్టి నిలబడండి. గొట్టానికీ మీ శరీరానికీ మధ్య కనీసం రెండు మూడు వేళ్ళ ఎడం వుండాలి. సీటు మీద కూచుని మడమను కింది పైడిలు మీద పెడితే కాలు తిన్నగా రావాలి. కొలత కుదరని సైకిలు ఎంత ఖరీదైనదైనా మీది కాదు.

రెండవది గేర్లు. ఇంట్లోని మామూలు సైకిలుకు ముందు పళ్ళచక్రంలో 44 పళ్ళు, వెనక 18 వున్నాయనుకుందాం. పైడిలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే సైకిలు సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. గేర్ల సైకిలులో ముందు 24, వెనక 28 పళ్ళు పెట్టి చూడండి. చిన్న చక్రం చుట్టుకొలత 2.07 మీటర్లనుకుంటే, ఒక చుట్టుకు 1.8 మీటర్లే పోతుంది. అంటే మూడో వంతు దూరం. పైడిలు మీద వేయవలసిన బలం కూడా సుమారు మూడో వంతే. కాని అదే ఎత్తు ఎక్కడానికి మూడు రెట్లు ఎక్కువసార్లు తొక్కాలి. పని తగ్గదు, పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటామన్నమాట. మొరం ఎత్తు ఎక్కడానికి మనకు కావలసింది ఇదే.

మరి 21 గేర్లు? ముందు 42, వెనక 28 పెడితే నిష్పత్తి 1.5. ముందు 24, వెనక 16 పెట్టినా 1.5! కాగితం మీద రెండు గేర్లు, కాలికి ఒక్కటే. కనక గేర్ల సంఖ్య అడగకండి. ముందున్న అతి చిన్న పళ్ళచక్రం, వెనకున్న అతి పెద్దదాని కన్న చిన్నదిగా, కనీసం సమానంగా వున్నదా అని పళ్ళు లెక్కపెట్టండి.

మూడవది టైరు. మీ బరువు 45 కిలోలు, సైకిలు 17 కిలోలు అయితే మొత్తం 62 కిలోలు నేల మీద సుమారు 608 న్యూటన్ల బలంతో ఆనుతుంది. ట్యూబులో గాలి పీడనం 60 పౌండ్లు (సుమారు 4.1 లక్షల పాస్కళ్ళు) వుంటే, రెండు టైర్లూ కలిసి నేలను తాకే వైశాల్యం దాదాపు 15 చదరపు సెంటీమీటర్లు. 30 పౌండ్లకు తగ్గిస్తే 29. టైరు ఎక్కువ నేలను పట్టుకుంటుంది. చిన్న రాయి తగిలినప్పుడు సైకిలునంతా పైకి ఎగరేయకుండా తనే ఒంగుతుంది. రాతిబాట మీద గట్టిగా గాలి కొట్టిన టైరే వేగంగా పోతుందనుకోవడం పొరపాటు. అయితే మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సరిపోయే పీడనం ఎంతో మీరే ప్రయోగం చేసి కనుక్కోవాలి.

నాలుగవది బ్రేకులు. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి దిగి ఆగాలంటే, ఆ 62 కిలోల స్థితిశక్తి దాదాపు 18 వేల జౌళ్ళు పోవాలి. చాలా భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. నూరు గ్రాముల నీటిని 40 డిగ్రీలకు పైగా వేడెక్కించే శక్తి అది. డిస్కు బ్రేకు మంచిదే, తడిలో మరీ మంచిది. కాని చవక డిస్కు కన్న, రిమ్మును పట్టే మంచి బ్రేకు నయం. మీటను గట్టిగా నొక్కితే అది హ్యాండిలుకు తగలకూడదు. వదిలితే చక్రం ఒరుసుకోకుండా తిరగాలి.

ఇక స్ప్రింగులు. స్ప్రింగు శక్తిని నిల్వచేసి తిరిగి యిస్తుంది, మింగదు. ఖరీదైన ఫోర్కులో స్ప్రింగుతోపాటు చిన్న రంధ్రాల గుండా నూనె పారే ఏర్పాటు వుంటుంది. ఊగును తగ్గించేది ఆ నూనె. చవక ఫోర్కులో చాలాసార్లు అది వుండదు. అదిమి వదలండి: తటాలున ఎగిరి మళ్ళీ ఊగుతుందా? అయితే గుంటలో పడ్డప్పుడు మిమ్మల్నీ అలాగే ఎగరేస్తుంది. చవక సైకిలులో వెనక స్ప్రింగు మరీ దండగ. ఎత్తున నిలబడి తొక్కినప్పుడు మీ బలంలో కొంత స్ప్రింగును ఊపడానికే పోతుంది. తక్కువ డబ్బు వున్నవారు వెనక స్ప్రింగు లేనిదే కొనాలి. ముందు కూడా లేకపోయినా నష్టం లేదు.

"మరి బరువు?" అంటారా. రెండు కిలోలు తేలికైన సైకిలుతో నూరు మీటర్ల ఎత్తు ఎక్కితే 60,760 జౌళ్ళకు బదులు 58,800 జౌళ్ళ పని చేస్తారు. ఆదా అయింది నూటికి మూడు పాళ్ళు. పెద్ద పోటీలో అది పెద్ద తేడాయే. మొదటి పోటీలో మాత్రం ఆ మూడు పాళ్ళకు వేలకు వేలు పోసే బదులు, రెండు నెలలు సాధన చేస్తే అంతకన్న ఎక్కువే వస్తుంది.

కొనేముందు మరొక పని చెయ్యండి. మీ ఊరి సైకిలు షాపు అన్న దగ్గరికి వెళ్ళి, "ఈ టైరు, ఈ ట్యూబు, ఈ ఫ్రీవీలు, ఈ బ్రేకు కట్టలు యిక్కడ దొరుకుతాయా? దీన్ని ఓవరాయిలింగు చేయగలవా?" అని అడగండి. తుమ్మ ముల్లు గుచ్చుకున్న ప్రతిసారీ హైదరాబాదుకు పోవలసిన సైకిలు చిట్యాలలో చవక సైకిలు కాదు. సైకిలుతో వచ్చే సూచనల పుస్తకం కూడా చదవండి. కొన్నిటిలో "ఎగుడుదిగుడు దారుల పోటీలకు వాడరాదు" అని వుంటుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. హెల్మెట్టు ఖరీదును ముందే పక్కన పెట్టండి; అది లేకుండా పోటీలోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా.

"ఇవన్నీ పేదవాణ్ణి ఊరడించే మాటలు, గెలిచేది మాత్రం లక్ష రూపాయల సైకిలే" అని ఎవరైనా అనవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. పై స్థాయి పోటీల్లో మంచి సైకిలు లేనిదే నిలబడడం కష్టం. కాని దానికి మందు, ప్రతి తండ్రీ అప్పు చేయడం కాదు. పది యిళ్ళలో పది మెరుపు సైకిళ్ళు తుప్పు పట్టే కన్న, ఒక పాఠశాలలో మూడు సైజుల్లో మూడు మంచి సైకిళ్ళుంటే ఆడపిల్లలూ మగపిల్లలూ వంతులవారీగా సాధన చెయ్యవచ్చు. వాలీబాలును ప్రతి పిల్లవాడూ కొనుక్కోవడం లేదు కదా! మీ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగి చూడండి.

అంతవరకు యింట్లో వున్న సైకిలుకే గాలి సరిచూసి, చైనుకు నూనె వేసి, చెరువు కట్ట మీద తొక్కండి. ఎంత దూరం ఎన్ని నిమిషాల్లో పోయారో నోటుపుస్తకంలో రాసుకోండి. నెల తర్వాత ఆ అంకెలు చూస్తే, సైకిలు మిమ్మల్ని ఎక్కడ ఆపుతున్నదో, మీ ఊపిరి ఎక్కడ ఆపుతున్నదో తెలిసిపోతుంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకమూ, ఒక కొలత టేపూ వెంట తీసుకువెళ్ళండి.