తాళంచెవి ఎవరి చేతిలో?

మొన్న మా అమ్మాయి ఫొటోలు దాచుకునే యాప్‌లో ఖాతా తెరిచింది. "నా నంబరు ఇవ్వలేదమ్మా, నెట్‌లో ఊరికే దొరికే టెంపరరీ నంబరు ఇచ్చా" అంది గర్వంగా.

దాని భయం నాకు తెలుసు. చీరల షాపులో బిల్లుకని నంబరు చెప్తే, ఆ రోజు నుంచి లోను కావాలా అని ఫోన్లు. ముక్కూ మొహం తెలియనివాళ్ల "హాయ్"లు వేరే. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ షాపులకు చెప్పింది. అయినా అడుగుతూనే ఉన్నారు. కాబట్టి నంబరు దాచుకోవాలనుకోవడం తప్పేం కాదు.

కానీ అలాంటి ఉచిత నంబర్లకు వచ్చే ఓటీపీ, ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్లకీ కనిపిస్తుంది. రేపు పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్త ఓటీపీ కూడా అక్కడికే పోతుంది. ఇంటి తాళంచెవి బస్టాండులో మేకుకి తగిలించి వచ్చినట్టే కదా! మనం బయట నిలబడితే ఇంకెవరో లోపలికి వెళ్లొచ్చు.

ఒక్కసారి వాడి వదిలేసే కూపన్‌కైతే సరే. బ్యాంకు, వాట్సాప్, ఫొటోలకు మాత్రం వద్దే వద్దు. మా ఇంట్లో ఇప్పుడు పాత ఫోన్లో రెండో సిమ్ వేశాం, బయటివాళ్లకి అదే చెప్తాం. దానికీ రీచార్జి మానకూడదు. ఆపేసిన నంబరును 90 రోజుల తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు.

అడిగిన ప్రతివాళ్లకీ నంబరు ఇవ్వక్కర్లేదు. ఇస్తే మాత్రం, మన చేతిలో ఉన్నదే ఇద్దాం.