పాత బండికి కొత్త సోకులు – ఎవరి ప్రాణాలకు ముప్పు?



మా జహీరాబాదులో ఈ మధ్య ఒక వేడుక పెరిగింది. తండ్రి నడిపి మూలకు చేర్చిన పాత బండిని కుమారుడు ఇంటి ముంగిట విప్పి, యూట్యూబ్ చూస్తూ కొత్త రూపం ఇస్తాడు. 1985లో మన దేశంలోకి వచ్చి 1996లో తయారీ నిలిచిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 అయినా, పాత బుల్లెట్ అయినా, స్ప్లెండర్ అయినా పద్ధతి ఒక్కటే. ముందుగా శారీ గార్డు ఊడుతుంది. తరువాత వెనుక పిడి, మడ్‌గార్డు, అద్దాలు. చివరకు సైలెన్సర్.

స్వహస్తాలతో యంత్రాన్ని బాగుచేసుకోవడం మంచి విద్య. దానిని నేను నిందించను. నా అభ్యంతరం వేరు. మీరు విప్పి పారవేస్తున్న భాగాలలో చాలావరకు బండి నడిపేవారి కోసం కాక, వెనుక కూర్చున్నవారి కోసం, దారిన పోయేవారి కోసం అమర్చినవి. అందుకే అవి మీ కంటికి అనవసరపు బరువుగా తోస్తున్నాయి.

నేను క్యాజువాలిటీ విధులలో ఉన్న రోజులలో ఒక తల్లిని తీసుకువచ్చారు. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని దర్శనానికి కుమారుని బండిపై ఒకవైపుగా కూర్చుని బయలుదేరింది. దారిలో చీరకొంగు వెనుక చక్రపు చువ్వలలో చుట్టుకుంది. తలకు గాయం, తొడ ఎముక విరుపు. ప్రాణం దక్కింది కానీ, ఆ తరువాత ఆమె కర్ర లేకుండా నడవలేదు. శారీ గార్డు ఏమైందని అడిగాను. "అది ఉంటే ముసలోళ్ళ బండిలెక్క కనవడ్తదని తీసేసిన సార్" అన్నాడు ఆ అబ్బాయి, ఏడుస్తూ.

చీరకొంగు స్థానంలో మెడకు చుట్టుకున్న చున్నీ ఉంటే? ఊపిరి ఆడకపోవడం, మెడ వెన్నుపూస దెబ్బతినడం క్షణాలలో జరుగుతాయి. ఈ ప్రమాదాన్ని ఎరిగే 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 123వ నియమంలో, ప్రతి ద్విచక్ర వాహనానికీ వెనుకవారు పట్టుకునే పిడి, కాలు మోపే ఆధారం, వెనుక చక్రాన్ని కనీసం సగం మేర కప్పే రక్షణ ఉండాలని నిర్దేశించింది. సైలెన్సర్‌పై ఉండే రేకు కూడా ఇటువంటిదే. దానిని తీసివేస్తే కాలేది వెనుక కూర్చున్న పసివాని పిక్క.

ఇక ధ్వని. "బుల్లెట్‌కు ఆ శబ్దమే అందం" అంటారు. చెవి లోపలి సూక్ష్మ కణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. నివాస ప్రాంతాలలో రాత్రివేళ శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదన్నది 2000 నాటి నియమం. మీ వీధిలో గుండెజబ్బు మనిషి, బాలింత, పరీక్షకు చదివే పిల్లవాడు ఉన్నారు. మీ అందానికి వారెందుకు మూల్యం చెల్లించాలి?

హెడ్‌లైట్‌లో అమర్చే తెల్లని ఎల్‌ఈడీ బల్బూ అంతే. పాత అద్దంలో ఆ వెలుగు చెదిరి, 65వ జాతీయ రహదారిపై ఎదురుగా వచ్చేవారి కళ్ళు జిగేలుమంటాయి. శుక్లాలున్న వృద్ధునికి ఆ క్షణంలో దారే కనిపించదు.

"నా బండి, నా డబ్బు, నా ఇష్టం" అనవచ్చు. బండి మీదే. రహదారి అందరిదీ. ఆ వెనుక సీటు మీ అమ్మది, మీ చెల్లెలిది.

డబ్బు ఖర్చు చేయదలిస్తే కొత్త బ్రేక్ షూలకు, మంచి టైర్లకు, చైనుకు, వైరింగుకు, వెనుక ఎర్ర దీపానికి చేయండి. మూసిన గదిలో ఇంజను నడపకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. తలనొప్పి మొదలైన వెంటనే బయటికి రండి. పెట్రోలును గొట్టంతో నోటితో పీల్చకండి. అది ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా వస్తుంది. పొరపాటున మింగినవారికి వాంతి చేయించకండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పానా చేతపట్టే ముందు ఆ భాగం ఎవరి కోసం ఉన్నదో ఒక్కసారి ఆలోచించండి. ఇప్పటికే శారీ గార్డు విప్పినవారు ఈ రోజే తిరిగి బిగించండి. దానికి పట్టేది పది నిమిషాలు.