జట్టు ఎవరి సొత్తు?

హైదరాబాదు పేరు ధరించి ఆరేండ్లు ఆడిన ఫుట్‌బాల్ జట్టు 2025వ సంవత్సరమున ఢిల్లీకి తరలిపోయినది. పేరు మారినది, ఊరు మారినది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త నామము వచ్చినది. యజమానులు తమ సొత్తును ఒక ఊరినుండి మరియొక ఊరికి తీసికొనిపోయిరి. చట్టము దృష్టిలో జరిగినది ఇంతే. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు పేటలలో ఆ జట్టును తమదిగా భావించిన యువకులకు మాత్రము జరిగినది ఇంతే కాదు. వారి మాటలలో దుఃఖముకంటె ఆగ్రహము హెచ్చుగా నున్నది. అది న్యాయమైన ఆగ్రహమని మా అభిప్రాయము.

ఈ పేటలవారికి ఆ జట్టు ఆట చూచుట సులభముగ లభించిన సుఖము కాదు. నారాయణగూడలో మెట్రో ఎక్కి, నడుమ బండి మారి, రాయదుర్గమున దిగి, అచ్చటినుండి మరల బస్సో ఆటోయో పట్టుకొన్నగాని గచ్చిబౌలి బాలయోగి క్రీడాంగణము చేరుటకు వీలులేదు. ఆట రాత్రి ఏడున్నరకు మొదలైనచో ఇల్లు చేరునప్పటికి నడిరేయి సమీపించును. అశోక్‌నగరులో అద్దెగదులలో నుండి ఉద్యోగపరీక్షలకు చదువుకొను విద్యార్థికి, పగలెల్ల చిక్కడపల్లి గ్రంథాలయమున కూర్చుండి సాయంకాలము టీతో సరిపెట్టుకొను పేదవానికి, ఆ రాకపోకల ఖర్చును, ఆ టిక్కెట్టు వెలయు చిన్నవి కావు. అయినను పోయిరి. పసుపుచొక్కాలు తొడిగిరి. ‘డెక్కన్ లీజియన్’ అని సంఘముగా కూడి గొంతులు బొంగురుపోవునట్లు కేకలు వేసిరి. ఓడిననాడును పోయిరి.

వారి ఓర్పునకు లెక్క కలదు. 2019లో జట్టు ఏర్పడినది. మొదటి సీజనున పదునెనిమిది ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచినది. పిదప మహమ్మారి వచ్చి రెండు సీజనులు పోటీలన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20వ తేదీన ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో 3-1 తేడాతో గెలిచి ఇండియన్ సూపర్ లీగు కప్పును సాధించినది. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి చేతులు ఆనాడు నగరమునకు కీర్తి తెచ్చినవి. కాని ఆ విజయమునకు దారితీసిన ఆటలలో ఒక్కటియు నగరవాసులు తమ మైదానమున కన్నులార చూడలేదు. విజేతయైన జట్టును సొంతగడ్డపై చూచిన సీజను ఒక్కటే, 2022-23. ఆ సీజనున జట్టు పట్టికలో రెండవ స్థానమున నిలిచినది. ఆ మరుసటి ఏడే పతనము ప్రారంభమైనది.

2023-24లో ఆటగాండ్రకును సిబ్బందికిని జీతములు బకాయిపడినవి. క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఫీఫా నిషేధము విధించినది. విదేశపు ఆటగాండ్రు ఒకరి వెనుక ఒకరు వెడలిపోగా, కుఱ్ఱవాండ్రను మైదానమునకు దింపి సీజను గడపవలసి వచ్చినది. ఇరువదిరెండు ఆటలలో గెలిచినది ఒక్కటి. రెండేండ్లనాటి విజేత అట్టడుగునకు జారినది. 2024లో జిందాల్ సంస్థ స్వామ్యము పుచ్చుకొన్నప్పుడు అభిమానులు మరల ఆశపడిరి. ఆ సీజను చివర పదుమూడు జట్లలో పండ్రెండవ స్థానము దక్కినది. తరువాత ఢిల్లీ ప్రయాణము.

ఓటమిని గూర్చి మేము ఫిర్యాదు చేయుటలేదు. ఆటలో ఓటమి సహజము. దానిని ఓర్వలేనివాడు అభిమాని కాజాలడు. జీతము ముట్టని స్థితిలోను చెమటోడ్చిన ఆటగాండ్రను ఎవరును నిందింపలేదు. అభిమానుల ప్రశ్న వేరు. క్లబ్బునకు ఎంత అప్పున్నది? దానిని ఎవరు తీర్తురు? రాబోవు ఏడు జట్టు ఇచ్చటనే యుండునా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పి తీరవలెనను బాధ్యత యజమానికి ఏ నిబంధనయు విధింపలేదు. టిక్కెట్టు కొన్నవానికి ఆ పూట ఆట చూచు హక్కు కలదు. అంతకు మించి ఏ హక్కును లేదు. పచారీ దుకాణమున ఖాతాదారునకున్న గౌరవమైనను అతనికి లేకపోయెను.

యజమానుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఈ దేశమున ఫుట్‌బాల్ క్లబ్బు నడుపుట లాభసాటి వ్యాపారము కాదు. ఖర్చు కోట్లలో నుండును; రాబడి స్వల్పము. అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్యకును లీగు నిర్వాహకులకును 2010లో కుదిరిన పదునైదేండ్ల ఒడంబడిక 2025 డిసెంబరుతో ముగియనుండగా, లీగు భవిష్యత్తే అయోమయమున పడినది. నష్టపడువానిని నష్టపడుచునే యుండుమని శాసించుట ధర్మము కాదు. నిజమే. కాని ఒక నగరము పేరును అరువు తెచ్చుకొని, ఆ పేరుమీద అభిమానమును కూడబెట్టి, విక్రయించునప్పుడు మాత్రము ఆ నగరమునకు సంబంధము లేదనుట ఏ ధర్మము? మిల్లు యంత్రములను ఊరు మార్చవచ్చును. వేలమంది కంఠములలోని కేకను ఏ లారీలో ఎక్కింతురు?

మనమొక సంగతి మరువరాదు. ఈ జట్టు మనకు వచ్చినదియు ఇట్లే. 2019లో పుణె సిటీ జట్టు మూతపడగా, దాని స్థానమున హైదరాబాదునకు అవకాశము దొరికినది. ఆ సంవత్సరమే ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వరమునకు తరలి ఒడిశా పేరు పెట్టుకొన్నది. నాడు జట్టును పోగొట్టుకొన్న ఢిల్లీకి నేడు మన జట్టు పోయినది. పుణెవాండ్ర కన్నీటిని మనము పట్టించుకొనలేదు. మన కన్నీటిని ఢిల్లీవాండ్రు పట్టించుకొనవలెనని ఎట్లు కోరుదుము? దోషము ఒక్క యజమానిది కాదు. జట్లను బల్లమీది పావులవలె ఒక గడినుండి మరియొక గడికి జరుపుటకు వీలిచ్చిన ఏర్పాటుదే మూలదోషము.

హైదరాబాదునకు ఫుట్‌బాల్ 2019లో దిగుమతియైన వస్తువు కాదు. నారాయణగూడనుండి నడచిపోదగిన దూరమున, నేడు లాల్‌బహదూరు స్టేడియమున్న ఫతేమైదానము, ఒకప్పుడు దేశమంతయు ఎరిగిన పేరు. నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్సు కప్పును గెలిచినది. ఉపాధ్యాయుడుగా జీవితమారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, ఆ పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వంటివారు ఆ తరమునకు చెందినవారు. ఆ వైభవమునకు కోట్ల రూపాయల పెట్టుబడి కారణము కాదు. పేటపేటకు మైదానముండెను; మైదానమునకు పిల్లలుండిరి; పిల్లలకు గురువుండెను.

ఇతరులు ఏమి చేసిరో చూతము. కలకత్తాలో మోహన్ బగాన్ పేరునకు ముందు క్రొత్త భాగస్వాముల సంస్థ పేరును తగిలించినప్పుడు అభిమానులు ఏండ్లతరబడి నిరసించిరి. 2023లో ఆ పేరు తొలగినది. సభ్యులును, ఎన్నికలును గల పురాతన సంఘము వెనుక నుండుటచే వారి మాటకు బరువు కలిగినది. ఇంగ్లాండులో వింబుల్డన్ క్లబ్బు వేరొక పట్టణమునకు తరలుటకు 2002లో అనుమతి లభింపగా, అభిమానులు తామే చందాలు వేసికొని ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త క్లబ్బును స్థాపించిరి. అట్టడుగు శ్రేణినుండి ఎగబ్రాకి 2011లో జాతీయ లీగులోనికి వచ్చి, 2020లో తమ పేటలోనే సొంత మైదానమును కట్టుకొనిరి. జర్మనీలో క్లబ్బు ఓట్లలో అత్యధికభాగము సభ్యుల చేతిలో నుండవలెనను నియమము కలదు. ఇంగ్లాండు 2025లో చట్టము చేసి స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పరచినది. క్లబ్బు చిహ్నమును మార్చుటకు అభిమానుల మద్దతు అవసరమని విధించినది. అచ్చట సాధ్యమైనది ఇచ్చట ఏల అసాధ్యము?

కావున మేము కోరునవి నాలుగు. క్లబ్బు ఊరు మారవలెనన్నచో ముందుగా బహిరంగ ప్రకటన చేసి, అభిమానుల వాదమును విని, కారణములు చెప్పిన పిమ్మటనే అనుమతి ఈయవలెను. సీజను జీతములకు సరిపడు ధనమును ముందుగా హామీగా నిలిపినగాని జట్టును పోటీలో దింపనీయరాదు. క్లబ్బు జమాఖర్చులను ఏటేట ప్రకటింపవలెను. పాలకవర్గమున అభిమానులు ఎన్నుకొన్న ప్రతినిధి ఒక్కడైనను కూర్చుండవలెను. ఇందులో యజమాని లాభమును హరించునది ఏదియు లేదు. ఋజువర్తనుడు వీనికి వెరవడు. సమాఖ్య తన అనుమతి నిబంధనలలో వీనిని చేర్చుటకు క్రొత్త చట్టముకొరకు వేచియుండనక్కరలేదు.

అభిమానులకు మా మనవి ఒక్కటి. పోయిన జట్టును శపించుచు కూర్చున్నచో మరియొక ధనికుడు మరియొక పేరుతో వచ్చి, మరల ఇట్లే పోవును. నగరమున ఆట చావలేదు. శ్రీనిధి డెక్కన్ జట్టు 2022-23లోను, 2023-24లోను ఐ-లీగున రెండవ స్థానము పొందినది. పేటల జట్లకు, పాఠశాలల పోటీలకు చప్పట్లు కొట్టువారు కరవైరి. గచ్చిబౌలికి పోయిన పాదములు దగ్గరి మైదానమునకు పోలేవా? సంఘము పెట్టుకొనుడు, సభ్యత్వరుసుము వేసికొనుడు, పేర్లు నమోదు చేసికొనుడు. రేపు ఎవరైనను హైదరాబాదు పేరుతో జట్టు పెట్టుదుమని వచ్చినప్పుడు, పేరు మాది, షరతులును మావియేయని చెప్పుటకు ఒక గొంతు ఉండవలెను. చెదరియున్న పదివేలమంది అడిగినచో అది గోల యనిపించుకొనును. కూడియున్న వేయిమంది అడిగినచో అది హక్కు యనిపించుకొనును.