రామప్ప కట్ట మీద నాలుగేళ్ల లెక్క

ఓటు పేరు చెప్పి వారం ముందే పాలంపేట వచ్చేశా. వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే మేనేజర్ ఒప్పుకున్నాడు. పోలింగ్ 2024 మే 13, సోమవారం. హైదరాబాద్‌లో ఎనిమిదైనా లేవని నాకు ఊళ్లో ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. లేచి రామప్ప చెరువు కట్ట మీదికి నడిచా. ఆరేడుగురు పిల్లలు ఉరుకుతున్నారు. గట్టున కూర్చున్న ఒకడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుస్తోంది. ఆర్మీ ప్రిపరేషన్ అన్నమాట.

అంతకు మూడేళ్ల కింద ఇదే కట్ట మీద మా తమ్ముడు ఉరికేవాడు. మా చిన్నాయన కొడుకు. 2021 ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల లోపే కొట్టాడు. మెడికల్ కూడా పాసయ్యాడు. ఇక మిగిలింది రాతపరీక్ష ఒక్కటే. అది ఇవాళ, రేపు అంటూ వాయిదా పడుతూనే ఉంది. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. పాత పద్ధతిలో సగంలో ఆగిన భర్తీలన్నీ రద్దయ్యాయి.

జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అందరూ రావాలని ముందురోజు రాత్రే మా తమ్ముడి ఫోన్‌కీ మెసేజ్‌లు వచ్చాయి. పొద్దున పత్తి గింజలు పెట్టే పని ఉందని చిన్నమ్మ కదలనివ్వలేదు. ఆ రోజు పోలీసు కాల్పుల్లో మన వరంగల్ జిల్లా కుర్రాడే ఒకడు చనిపోయాడు. ఆ వార్త విన్నప్పటి నుంచి చిన్నమ్మ వాడి రన్నింగ్ బూట్లు బయటికి తీయనివ్వలేదు.

అందుకే 2024 ఎన్నికల మేనిఫెస్టోలు తెరిచి ముందుగా దేశ రక్షణ పేజీలే చదివా. పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంటుంది, పది నిమిషాల పని. మీరూ చదవండి.

కాంగ్రెస్ ఏప్రిల్ 5న విడుదల చేసింది. అగ్నిపథ్ రద్దు చేసి పాత పద్ధతిలోనే భర్తీ చేస్తామంది. దేశానికి ఒక సమగ్ర జాతీయ భద్రతా వ్యూహం ప్రకటిస్తామని, ఒకే ర్యాంకు ఒకే పెన్షన్‌ను 2014 నాటి ఉత్తర్వుల ప్రకారం అమలు చేస్తామని కూడా ఉంది. బీజేపీది ఏప్రిల్ 14న వచ్చింది. అందులో సరిహద్దుల్లో రోడ్లు, మౌలిక వసతులు, ఆయుధాలు ఇక్కడే తయారు చేసుకోవడం, త్రివిధ దళాలు కలిసి పనిచేసే థియేటర్ కమాండ్‌ల గురించి ఎక్కువగా ఉంది. అగ్నిపథ్‌లో అవసరమైతే మార్పులకు సిద్ధమేనని రక్షణ మంత్రి మార్చి చివర్లో అన్నారు.

సరే, లెక్క చూద్దాం. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు. నాలుగేళ్లు పూర్తయ్యాక సేవానిధి 11.71 లక్షలు. వినడానికి బాగుంది. అయితే అందులో దాదాపు సగం వాడి జీతంలోంచి నెలనెలా 30 శాతం చొప్పున కోసిన సొమ్మే. మిగతా సగం ప్రభుత్వం కలుపుతుంది. పెన్షన్ ఉండదు. నూటికి గరిష్ఠంగా 25 మందిని సైన్యంలో ఉంచుకుంటారు. మొదటి ఏడాది తీసుకుంటామన్నది 46 వేల మందిని. ఆ లెక్కన సుమారు 34,500 మంది ఇంటికి రావాలి. ఆ రావడం 2026 చివరి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు రెండో వైపు. 2024-25 మధ్యంతర బడ్జెట్‌లో రక్షణకు 6.21 లక్షల కోట్లు ఇచ్చారు. అందులో పెన్షన్లకే 1.41 లక్షల కోట్లు పోతాయి. ప్రతి వంద రూపాయల్లో దాదాపు 23 అన్నమాట. కొత్త విమానాలకు, ఫిరంగులకు, డ్రోన్లకు డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లది తప్పుడు ప్రశ్న కాదు. పాతికేళ్ల లోపు సైనికులు ఎక్కువుంటే మంచు కొండల్లో మేలన్న వాదనలోనూ విషయం ఉంది.

నాకు కోపం వేరే చోట. మా ఆఫీసులో చిన్న బటన్ రంగు మార్చాలన్నా ముందు టెస్టింగ్‌లో పెడతాం, తర్వాత కొద్దిమంది యూజర్లకు ఇస్తాం. బాగోకపోతే వెనక్కి తెస్తాం. ఇక్కడేమో లక్షల మంది జీవితాలతో ముడిపడ్డ పద్ధతిని దేశమంతటా ఒకేసారి ప్రొడక్షన్‌లోకి నెట్టేశారు. పాత క్యూలో నిలబడి ఉన్నవాళ్లను డిలీట్ చేసేశారు. 2024 ఎన్నికల్లో ఇంకో పార్టీ మొత్తం తీసేస్తామంది. తీసేస్తే ఇప్పటికే లోపలికి వెళ్లిన బ్యాచ్‌ల సంగతేంటి? పెరిగే పెన్షన్ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? ఆ లెక్క నాకు పీడీఎఫ్‌లో కనపడలేదు. ఉంచేవాళ్లనీ అడగాలి: బయటికొచ్చిన ఆ 75 మందికి ఏం చూపిస్తారు? కేంద్ర సాయుధ బలగాల్లో 10 శాతం రిజర్వేషన్ అన్నారు. రిజర్వేషన్ వేరు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ వేరు.

2022లో ఒక్కసారికి వయసు 23 దాకా సడలించారు కదా, ఎందుకు పోలేదని తమ్ముణ్ని అడిగా. "నాలుగేండ్లయినంక మల్ల గీ కట్ట మీదికే రావాలె గదన్నా" అన్నాడు. అదే మాట కట్ట మీద ఉరికే పద్దెనిమిదేళ్ల పిల్లగాడితో అంటే వాడు నవ్వాడు. "ఇంటర్ సదివినోనికి నెలకు ముప్పై వేలు ఎవలిస్తరన్నా? చివర్ల పదకొండు లక్షలు. ఇంట్ల అప్పు తీరుతది" అన్నాడు. ఇద్దరూ ఒకే ఊరు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మేనిఫెస్టో రాసేవాళ్లు ఈ ఇద్దరి మధ్య ఒక పూట కూర్చుంటే బాగుండేది.

తమ్ముడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక టూరిస్టులు పెరిగారు. "గుడి కట్టించింది రాజు కాదు సార్, సేనాధిపతి. గణపతిదేవుని దగ్గర పనిచేసిన రేచర్ల రుద్రుడు, 1213ల" అని మొదలుపెడతాడు. తర్వాత పునాది సంగతి చెబుతాడు. గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దాని మీద ఇంత బరువు నిలబెట్టారని. అందరూ పైన శిల్పాలకే ఫొటోలు తీసుకుంటారు, ఇసుక ఎవరికీ కనపడదు. మన మేనిఫెస్టోల్లో క్షిపణులు, విమానాలు, సరిహద్దు రోడ్లు బాగా కనిపిస్తున్నాయి. వాటి కింద ఉండాల్సిన మనిషి గురించే ఇంకా బేరం నడుస్తోంది.

ప్రచారానికి మీ ఊరికి వచ్చేవాళ్లను ఒక్కటే అడగండి: సైన్యంలోకి వెళ్లే మా పిల్లాడికి ఐదో ఏడు ఏంటి? రద్దు చేస్తామన్నా, ఉంచుతామన్నా జవాబు అంకెల్లో చెప్పమనండి.

నేను తిరిగొచ్చేసరికి కట్ట చివర తమ్ముడి ఆటో ఆగి ఉంది. గట్టున కూర్చున్నవాడి దగ్గర్నుంచి ఫోన్ తీసుకుని తనే టైమ్ చూస్తున్నాడు. ఆ పిల్లగాడు ఐదు నిమిషాల నలభై ఒక్క సెకన్లకు వచ్చి కూలబడ్డాడు. "ఫస్టుకే గంత జోరుగ ఉరుకకురా. దమ్ము చివరికి దాచుకో" అన్నాడు తమ్ముడు. నీళ్ల సీసా వాడికిచ్చి, "రేపు మల్ల ఐదింటికి రా" అని చెప్పి ఆటో స్టార్ట్ చేశాడు.