సంఖ్యాసంజ్ఞలు - స్థాననిర్ణయము

ప్రాచీనగ్రంథములందలి మహాసంఖ్యలను అనువదించునపుడు సంజ్ఞను మాత్రమే నిలిపి, దాని స్థానమును చెప్పక విడుచుట కొన్ని అనువాదములందు కానవచ్చును. ఇది స్వల్పలోపముగా తోచినను ఫలితము స్వల్పము కాదు. తైత్తిరీయసంహితయందు ఏకము మొదలు పరార్ధము వరకు పదమూడు సంజ్ఞలు కలవు. ఒక్కొక్కటి ముందుదానికి పదింతలుగా గ్రహించినచో పరార్ధము 10¹² అగును. భాస్కరాచార్యుని లీలావతి (క్రీ.శ. 1150) యందు స్థానములు పదునెనిమిది, అచ్చట పరార్ధము 10¹⁷. పదమొక్కటే, విలువలో భేదము లక్షరెట్లు. అర్బుదము సైతము సంహితలో 10⁷, లీలావతిలో 10⁸. సంజ్ఞాసామ్యమును నమ్మి ఈ రెండింటి సంఖ్యలను పోల్చువాడు భ్రమపడక తప్పదు.

ఆధునికగణితమునందలి ప్రామాణికరూపము ఈ సందేహమును తీర్చును. ఒకటికి తక్కువ కాక, పదికి లోబడిన గుణకమును పది యొక్క ఘాతముతో గుణించి చూపుట దాని పద్ధతి. సిద్ధాంతశిరోమణి గణనానుసారము కల్పాది నుండి ప్రస్తుత కలియుగారంభము వరకు గతించినవి 1,97,29,44,000 సంవత్సరములు, అనగా 1.972944 × 10⁹. కలియుగ ప్రమాణము 4,32,000, అనగా 4.32 × 10⁵. గుణకములను మాత్రమే చూచినవానికి రెండవదే పెద్దదిగా తోచును. కావున మొదట ఘాతాంకములను పోల్చవలెను. అవి సమానమైనపుడే గుణకములను పోల్చుటకు అవకాశము. సంకలనమునకును ఇదే న్యాయము. 4.32 × 10⁵ ను 0.000432 × 10⁹ గా మార్చి కూడినచో 1.973376 × 10⁹ వచ్చును. కలియుగాంతమునకు కల్పమున గడచు సంవత్సరములివియే. ఘాతాంకములను సమము చేయక గుణకములను కూడుట, ఏకస్థానమందలి అంకెను శతస్థానమున కలుపుట వంటిది.

అంకెలను స్థానానుసారముగా కూడవలెనని లీలావతియు విధించినది. దీనినిబట్టి ప్రామాణికరూపమే మన గ్రంథములలో కలదనుట అతిశయోక్తి. స్థానసంజ్ఞ వేరు, ఘాతాంకలేఖనము వేరు; సమానస్థానములే కూడదగినవను న్యాయము మాత్రము రెంటికిని సాధారణము. ఘాతాంకములు ప్రాచ్యవిద్యార్థికి అనవసరమను వాదమును నిలువదు. సంజ్ఞలను వల్లించిన విద్యార్థి ఆ క్రమమును ఎరిగియే యున్నాడు. దానిని సున్న నుండి పదునేడు వరకు లెక్కించుటయే మిగిలినది.

కావున గ్రంథపరిష్కర్తలు మహాసంఖ్య వచ్చిన ప్రతిచోట, సంజ్ఞ ప్రక్కన ఆ గ్రంథమున దానికి గల ఘాతమును వ్రాయుట యుక్తము. అధ్యాపకులు సంజ్ఞాపాఠముతో పాటే ఈ లేఖనమును నేర్పుట అవసరము. లేనిచో లక్షరెట్ల దోషము సైతము ఒక్క పదము చాటున దాగియుండును.