వాదం పేరిట వితండ: అపరిచితులతో అంతర్జాల కలహం సాధకునికి తగదు

ముఖపరిచయం లేనివారితో సామాజిక మాధ్యమాలలో రాజకీయాలను గురించి, వర్తమాన వార్తలను గురించి, క్రికెట్టును గురించి గంటల తరబడి కలహించడం నేడు భక్తులలో సైతం నిత్యకృత్యమైపోయింది. ప్రాతఃకాలంలో విష్ణుసహస్రనామ పారాయణ. అది ముగిసిన అర్ధగంటకే ఫేస్‌బుక్‌లో పరనింద. ఇదేమని ప్రశ్నిస్తే సిద్ధంగా ఉన్న సమాధానం ఒక్కటే: "వాదం మన సంప్రదాయం. ఇది ధర్మరక్షణ. మౌనం పిరికితనం." ఈ మూడు మాటలలో మొదటిది అర్ధసత్యం, రెండవది భ్రమ, మూడవది అపార్థం. క్రమంగా పరిశీలిద్దాం.

వాదం మన సంప్రదాయమే. అయితే ఏది వాదం? న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. ప్రమాణతర్కాలను ఆశ్రయించి, తత్త్వనిర్ణయం కోసం ఇరుపక్షాలూ చేసేది వాదం. విజయమే లక్ష్యంగా ఛల, జాతి, నిగ్రహస్థానాలను ప్రయోగిస్తూ చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షాన్నీ స్థాపించక, ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. విభూతియోగం 32వ శ్లోకంలో భగవానుడు ఈ మూడింటిలో వాదాన్నే తన విభూతిగా పేర్కొన్నాడు. అర్థనిర్ణయానికి హేతువు కనుక వాదానికి ప్రాధాన్యమని శంకర భగవత్పాదుల భాష్యం. కాబట్టి గీతను సాక్ష్యంగా తెచ్చుకునేవారు ముందు తమది ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి.

శంకర మండనమిశ్రుల వాదాన్ని మాధవీయ శంకరవిజయం వర్ణించిన తీరు స్మరించండి. ఉభయభారతి మధ్యస్థురాలు. శ్రుతి ఇరువురికీ సమ్మతమైన ప్రమాణం. ఓడినవారు గెలిచినవారి ఆశ్రమాన్ని స్వీకరించాలన్నది నియమం. ఇరువురి కంఠాలలోనూ పూలమాలలు; ఎవరి మాల ముందు వాడితే వారిది పరాజయం. క్రోధం కలిగితే దేహం తపిస్తుందని, ఆ తాపానికి పూలు వాడుతాయని పెద్దలు వివరిస్తారు. అంటే కోపం వచ్చిన క్షణమే ఓటమి ఖరారైనట్లు. నేడు చరవాణిలో వాదించేవారి కంఠంలో అటువంటి మాల వేస్తే ఎంతసేపు నిలుస్తుంది? అక్కడ మధ్యస్థుడు లేడు, ఉభయసమ్మతమైన ప్రమాణం లేదు, ఓడితే కోల్పోయేదీ లేదు. ఎదుటివాని అసలు పేరైనా తెలియదు. అటువంటి చోట జరిగేదానికి వాదమని పేరుపెట్టడం ఆ పదానికే అపచారం.

శాస్త్రపరిచయం ఉన్న పూర్వపక్షి ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ తెస్తాడు. జల్పవితండలు కూడా నిషిద్ధాలు కావని, మొలకను కాపాడే ముళ్ళకంచె వలె అవి తత్త్వనిశ్చయాన్ని సంరక్షిస్తాయని న్యాయసూత్రాల నాలుగవ అధ్యాయమే చెప్పింది కదా అంటాడు. నిజమే, చెప్పింది. మన పల్నాటి రైతును అడగండి. మిరపనారు పోసినవాడు దాని చుట్టూ కంప నాటుతాడు. బీడు చుట్టూ కంచె వేసి రాత్రింబవళ్ళు కావలి కాసేవాడు ఎవడైనా ఉన్నాడా? కంచెకు ప్రయోజనం లోపలి మొలక. నెలల తరబడి జపం లేక, స్వాధ్యాయం లేక, గురుశుశ్రూష లేక హృదయక్షేత్రాన్ని బీడుపెట్టినవాడు దేనిని కాపాడుతున్నట్లు? తన ముళ్ళు తనకే గుచ్చుకోవడం తప్ప వేరే ఫలం లేదు.

ఇక ధర్మరక్షణ అన్న మాట. దూరం పోనక్కరలేదు. 2024 మే 13న ఎన్నికలు జరిగిన రోజున మాచర్ల నియోజకవర్గంలో, రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగు కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టారు. ఆ దృశ్యం తరువాతి వారంలో బయటపడి దేశమంతటా చరవాణులలో తిరిగింది. పోలింగు నాడూ ఆ తరువాతా చెలరేగిన హింస కారణంగా పల్నాడు జిల్లాలో 144వ సెక్షన్ విధించారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పాటైంది. దోషనిర్ణయం న్యాయస్థానాల పని. ఈ వ్యాసం దానిలో తలదూర్చదు. మనం ఆలోచించవలసింది వేరొకటి. ఒక దృశ్యానికి బదులు మరొక దృశ్యం, ఒక దూషణకు బదులు రెండు దూషణలు విసురుకున్న అపరిచితులు ఆ రోజులలో తేల్చిన సత్యమేమిటి? మాచర్ల ఏ దిక్కున ఉందో తెలియనివారు సైతం "మావాళ్ళు", "మీవాళ్ళు" అని ఆ ప్రాంతాన్ని పంచుకున్నారు. కడగండ్లు అనుభవించింది అక్కడి ఇరుగుపొరుగులు. రేపు ఒకే కాలువ నీరు వాడుకోవలసినవారు, ఒకే గుడిలో తీర్థం పుచ్చుకోవలసినవారు. దూరాన కూర్చుని నిప్పు ఎగదోసినవాని చేతికి బూడిద కూడా అంటదు. కర్తృత్వం కనపడనంత మాత్రాన కర్మఫలం తప్పుతుందా?

క్రీడ విషయంలోనూ ఇదే వరుస. 2022 సెప్టెంబరు 4న దుబాయిలో పాకిస్తాన్‌తో ఆసియా కప్ పోటీలో అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ జారవిడిచాడు. అప్పటికి అతని వయస్సు 23 ఏళ్ళు. ఆ రాత్రే అతనిని దేశద్రోహిగా నిందించినవారున్నారు. అతని వికీపీడియా పుటలో అబద్ధాలు చేర్చినవారున్నారు. అదే యువకుడు 2024 టీ20 ప్రపంచకప్పులో 17 వికెట్లు తీసి, జూన్ 29న భారత విజయంలో భాగస్వామి అయ్యాడు. అతనిలో మారినదేమీ లేదు. చూసేవారి రాగద్వేషాలే అటు ద్రోహిని, ఇటు వీరుని కల్పించాయి. బంతి జారింది ఆటగాని చేతి నుండి. వివేకం జారింది మన చేతి నుండి.

ఆట ముదిరి రాజ్యకలహమై, అది యుద్ధమైన కథ పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 12వ శతాబ్దినాటి వీరగాథ ప్రకారం గురజాల పక్షానికీ మాచర్ల పక్షానికీ కోడిపందెం జరిగింది. ఓడిన మలిదేవుని పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళింది. గడువు తీరాక రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలియయ్యాడు. ఆపైన కారెంపూడి రణక్షేత్రంలో ఇరుపక్షాలూ నేలకూలాయి. నేటికీ కార్తీకమాసాంతాన కారెంపూడిలో జరిగే వీరారాధనలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినాలు ఉన్నాయి. కోడిపోరుకు ఒక దినం ఉన్నట్లే రాయబారానికీ ఒక దినం ఉంది. మందపోరు నాడు కులభేదం లేక ఒకే చాపపై కూర్చుని భుజించే చాపకూడు ఉంది. మన పూర్వులు కలహాన్ని దాచలేదు. దానితోపాటు రాయబారాన్నీ సహపంక్తినీ జ్ఞాపకం ఉంచుకున్నారు. మనమేమో కోడిపోరును మాత్రం చరవాణిలోకి తెచ్చుకుని, ప్రతిదినం కాళ్ళకు కత్తులు కట్టుకుంటున్నాము.

"అర్జునుని యుద్ధం చేయమన్నది కృష్ణుడే కదా, మౌనం పిరికితనం కాదా?" అన్నది చివరి ఆక్షేపణ. ఆ కృష్ణుడు యుద్ధానికి ముందు స్వయంగా హస్తినకు రాయబారం వెళ్ళాడని మరువరాదు. రాయబారి తన పేరుతో, తన ముఖంతో, తన ప్రాణాన్ని పణంగా పెట్టి శత్రుసభలో నిలబడతాడు. అర్జునుడు కూడా తన రథంపై, తన ధ్వజం కింద నిలిచాడు. మారుపేరు చాటున దాగి తిట్టేవాడు వీరిలో ఎవరికి వారసుడు? పైగా ఆ కృష్ణుడే గీత చివర, 18వ అధ్యాయం 67వ శ్లోకంలో, తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి, అసూయాపరునికి ఈ బోధ చెప్పవద్దని ఆదేశించాడు. అడగనిదే చెప్పరాదని, అన్యాయంగా అడిగినవానికీ చెప్పరాదని మనుస్మృతి విధించింది. భక్తుడు వాదాన్ని అవలంబించరాదని, దానికి అంతూ నిశ్చయమూ ఉండవని నారద భక్తిసూత్రాలు హెచ్చరించాయి. అపుణ్యుల పట్ల ఉపేక్షను చిత్తప్రసాదానికి సాధనంగా పతంజలి చెప్పాడు. వీరందరూ పిరికివారా?

పౌరధర్మాన్ని విడిచిపెట్టమని ఎవరూ అనడం లేదు. ఓటు వేయండి. గ్రామసభలో లేచి ప్రశ్నించండి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. పత్రికకు మీ పేరుతో లేఖ రాయండి. అన్నదమ్ములతో, పొరుగువారితో ఎదురెదురుగా కూర్చుని భేదాభిప్రాయం చెప్పండి. వీటన్నిటిలో మాటకు జవాబుదారీ ఉంటుంది. రేపు అదే ముఖాన్ని మళ్ళీ చూడవలసి ఉంటుంది కనుక నాలుకకు కళ్ళెం పడుతుంది. అపరిచితునికి బదులు రాయబోయే ముందు శ్రద్ధాత్రయవిభాగయోగంలోని వాఙ్మయ తపస్సును గీటురాయిగా పెట్టుకోండి. ఈ మాట ఉద్వేగం కలిగించనిదేనా? సత్యమేనా? ప్రియమూ హితమూ అయినదేనా? నాలుగింటిలో ఒక్కటి లోపించినా వేలు వెనక్కు తీసుకోండి. అలా మిగిలిన సమయాన్ని స్వాధ్యాయానికి ఇవ్వండి. దానిని కూడా ఆ శ్లోకమే వాక్తపస్సులో చేర్చింది.

నరసరావుపేట సమీపాన కోటప్పకొండపై వెలసిన త్రికోటేశ్వరుని దక్షిణామూర్తి స్వరూపంగా ఆరాధిస్తున్నాము. వృద్ధులైన శిష్యుల సంశయాలను మౌనవ్యాఖ్యతో ఛేదించిన యువగురువు ఆయన. తెలుసుకోగోరి దరిచేరినవారికి ఆ మౌనమే ఉపదేశమైంది. శివరాత్రికి ఆకాశమంత ప్రభలు కట్టి ఆ స్వామిని సేవించే మనం, ఆయన ప్రధానోపదేశాన్ని కొండ మీదనే వదలి దిగివస్తే ఆ సేవ సంపూర్ణమవుతుందా? సాధకులు ఆలోచింతురు గాక.

సర్వం శ్రీ దక్షిణామూర్త్యర్పణమస్తు.