పొట్ట పేరు చెప్పి నోరు కట్టొద్దు

మండవల్లి నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ఎటు చూసినా నీళ్ళే. చెరువులు, బోదెలు, డ్రెయిన్లు. గట్టి వానలు పడితే పెనుమాకలంక లాంటి లంక ఊళ్ళకు దారి కూడా నీళ్ళే. ఇంత నీటి మధ్య ఉండి కూడా మా ప్రాంతంలో బాలింత మొదట పడే బాధ దాహం. కానుపై పుట్టింట్లో పడుకున్న పిల్ల గ్లాసెడు నీళ్ళడిగితే "రెండు గుక్కలు చాల్లేవే, పొట్ట జారిపోద్ది" అంటుంది తల్లి. అనేది శత్రువు కాదు, కన్నతల్లి. అందుకే ఎదురు చెప్పడం కష్టం.

మా ఇళ్ళలో ఇప్పటికీ చెలామణిలో ఉన్న సిద్ధాంతం ఇది. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, పెరుగు తింటే ఒళ్ళొస్తుంది, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలవుతాయి, చేప తింటే వాతం. కాబట్టి నలభై రోజులు నోరు కట్టుకుని, నడుముకు గుడ్డ బిగించుకుని కారప్పొడి అన్నం తింటే మళ్ళీ పెళ్ళినాటి నడుమొస్తుంది. ఆ నడుమేమో గాని, ఈ పద్ధతిలో వచ్చేవి మలబద్ధకం, రక్తహీనత, కోపం.

ఆ మధ్య ఈ చుట్టుపక్కలే ఒకింట్లో చూశాను. కంచంలో వేడన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, చివర్న చెంచాడు బీరకాయ కూర. కాచి చల్లార్చిన నీళ్ళు చిన్న స్టీలు గ్లాసులో సగం దాకా. బిడ్డను రొమ్ముకు పట్టుకుంటే పాలు చేపుకొచ్చే క్షణంలో తల్లి నోరు పిడచగట్టుకుపోతుంది. పాలిచ్చిన ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసి చెంబు వైపు చెయ్యి చాపింది. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. చెంబు తీసి కిటికీ గూట్లో పెట్టింది, అంతే. ఆ ఇంటివాళ్ళకు వెనక చెరువుంది. అందులో పట్టిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి కలకత్తాకు, అస్సాంకు పోతాయి. వందల మైళ్ళ అవతల బెంగాలీ బాలింత కంచంలోకి వెళ్ళే చేప, పట్టిన ఇంటి బాలింతకు వాతమట!

పథ్యం చేస్తే పొట్ట తగ్గిందని వందమంది సాక్ష్యం చెబుతారు. అబద్ధమాడరు, నిజంగానే తగ్గుతుంది. కానీ ఎందుకు తగ్గింది? కానుపు రోజునే బిడ్డ, మాయ, ఉమ్మనీరు బయటికొస్తాయి. తర్వాత వారం పది రోజులు ఒంట్లో చేరిన నీరు చెమటగా, మూత్రంగా పోతుంది. గర్భసంచి తనంతట తానే ముడుచుకుంటూ ఆరు వారాలకు దాదాపు పాత పరిమాణానికి వస్తుంది. బిడ్డ పాలు తాగినప్పుడల్లా తల్లి ఒంట్లో ఊరే ఆక్సిటోసిన్ అది ఇంకాస్త ముడుచుకునేలా చేస్తుంది. పాలిచ్చేటప్పుడు మొదటి రోజుల్లో పొత్తికడుపులో నొప్పి వచ్చేది అందుకే. చెంబెడు నీళ్ళు తాగిన తల్లికీ ఇదే జరుగుతుంది, తాగని తల్లికీ ఇదే జరుగుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. మనం కాకికి దండ వేశాం.

ఇక లెక్కలోకి వద్దాం. పాలు మాత్రమే తాగే బిడ్డకు తల్లి రోజుకు సుమారు ముప్పావు లీటరు పాలిస్తుంది. అందులో నూటికి 87 పాళ్ళు నీరే. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని, ప్రొటీను మరో 17 గ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. అదనంగా ఇవ్వాల్సిన సమయంలో మనం ఉన్నది కోస్తున్నాం. నీళ్ళు లీటర్లకు లీటర్లు పోసినంత మాత్రాన పాలు పొంగవు, ఆ నమ్మకమూ తప్పే. దాహం తీరేదాకా తాగితే చాలు. దాహాన్ని చంపుకుంటే మాత్రం విరేచనం గట్టిపడుతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. సిజేరియన్ అయి కదలకుండా పడుకున్న మనిషి ఒంట్లో నీరు తగ్గితే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కానుపులు కోతలే. అమ్మమ్మల నాటి పథ్యాన్ని ఆపరేషన్ అయిన కడుపు మీద రుద్దుతున్నాం.

తల్లి తినకపోయినా పాలు వస్తూనే ఉంటాయి, నిజమే. అదే మనల్ని మోసం చేస్తోంది. కాల్షియం తక్కువైతే తల్లి ఎముకల్లోంచి తీసి పాలలో పోస్తుంది శరీరం. కొన్ని విటమిన్ల విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. తల్లి ఒంట్లో లేకపోతే పాలలోనూ ఉండవు. దీనికి రుజువు కోసం విదేశాలకు వెళ్ళక్కర్లేదు. 1941లో కూనూరు పోషకాహార పరిశోధనశాల డైరెక్టర్ ఏక్రాయిడ్, ఆయనతో పనిచేసిన కృష్ణన్ మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఉన్న ప్రాంతంలో పసిబిడ్డల మరణాల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఆ ప్రాంతం మరేదో కాదు, మన ఉత్తర సర్కారు జిల్లాలు. రాష్ట్రంలో మిగతా చోట్ల ఉప్పుడు బియ్యం ఎక్కువ, ఇక్కడ మరపట్టిన పచ్చిబియ్యం. తవుడంతా పోయి, మిగిలినదాంట్లో సగం కడుగునీళ్ళలో, గంజిలో పోయి, తల్లి తినే అన్నంలో బి1 విటమిన్ మిగిలేది కాదు. తల్లి తిరుగుతూనే ఉండేది. ఆమె పాలు తాగి బొద్దుగా కనబడే బిడ్డ రెండో నెలకూ అయిదో నెలకూ మధ్య ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయి, ఎగశ్వాస పెట్టి, గుండె ఆగి చనిపోయేది. ఊళ్ళో దిష్టి అనుకునేవారు, గాలి సోకిందనుకునేవారు. ఆ కూనూరు పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకు తరలివచ్చి, ఇవాళ మనం చెప్పుకునే జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇప్పుడు బెరిబెరి మరణాలున్నాయని నేననడం లేదు. కానీ ఆలోచించండి. తాడేపల్లిగూడెం మిల్లుల్లో మల్లెపూవులా పాలిష్ పట్టిన బియ్యం, పప్పు లేదు, గుడ్డు లేదు, ఆకుకూర లేదు, పెరుగు లేదు, పైన కారప్పొడి. ఎనభై ఏళ్ళ కిందట బిడ్డల్ని పొట్టనబెట్టుకున్న కంచానికీ ఈ కంచానికీ తేడా ఎంత? డాక్టరు రాసిచ్చిన విటమిన్ మాత్ర ఒక్కటే తేడా. అది కూడా "వేడి చేస్తుంది" అని పక్కన పెట్టిన ఇళ్ళున్నాయి.

చేపల సంగతి ఇంకా విచిత్రం. చెరువు చేప వద్దనే ఇళ్ళలోనే పాలు పడాలని పాలసొర వెతికి తెప్పిస్తారు. సొర వేటాడి బతికే చేప. అలాంటి చేపల ఒంట్లో పాదరసం పోగుపడుతుంది. పాలిచ్చే తల్లులు తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇచ్చిన జాబితాలో సొర ఉంది. పాలసొర జాతిలో చిన్నది, ఒకటి రెండుసార్లు తింటే కొంప మునగదు. కానీ ప్రొటీను నిండుగా, కొవ్వు తక్కువగా ఉండి గడప ముందే దొరికే శీలావతిని కాదని సముద్రం దాకా పోవడం ఏం వైద్యం?

పెద్దవాళ్ళు చెప్పినవన్నీ కొట్టిపారేసే రకం కాదు నేను. పథ్యంలో అమూల్యమైన భాగం ఒకటుంది, బాలింతను పని ముట్టుకోనివ్వకపోవడం. తెలగపిండి కూర బంగారం. మునగాకు, వెల్లుల్లి, నువ్వులు పెట్టండి, ఎవరు వద్దన్నారు? నడికట్టు మెత్తగా ఉంటే నడుముకు ఆసరాగా ఉంటుంది, కొవ్వును మాత్రం కరిగించదు. "మేమూ ఇలాగే చేశాం, మాకు పొట్టలు రాలేదు" అంటారు కదా, నిజమే. నలభై రోజులయ్యాక ఏం చేశారో కూడా చెప్పాలి. వడ్లు దంచారు, చెరువు నుంచి బిందెలు మోశారు, ఊడ్పులకు వంగారు. నడుము సన్నగా ఉంచింది రోకలి, ఘనత కారప్పొడి కొట్టేసింది.

ఇప్పుడు రెండో అంకం. నలభై రోజుల కరువు తీరాక వరద వస్తుంది. "ఇద్దరి తిండి తినాలి" అంటూ నెయ్యి, సున్నుండలు, మినపట్లు. మూడో నెల ఫంక్షన్‌లో అదే చుట్టాలు "ఏమే, ఇంకా పొట్ట తగ్గలేదేం?" అని నలుగురిలో అడుగుతారు. పిల్ల కుమిలిపోయి తిండి తగ్గిస్తానంటే, "పాలు ఇంకిపోతాయి, పాలు మానిపించాక చూసుకో" అంటారు. నీళ్ళు మానిపించినప్పుడు గుర్తురాని పాలు అప్పుడు గుర్తొస్తాయి.

ఈ రెండో భయానికి కూడా ఆధారం లేదు. అమెరికాలో నార్త్ కరోలినాలో లవ్‌లేడీ బృందం బరువు ఎక్కువున్న 40 మంది పాలిచ్చే తల్లులతో చేసిన అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. బిడ్డకు నాలుగు వారాలు నిండాక మొదలుపెట్టి, పది వారాలపాటు ఒక జట్టు రోజుకు 500 కేలరీలు తగ్గించి తింది, వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల చొప్పున వ్యాయామం చేసింది. వారానికి సుమారు అరకిలో చొప్పున తగ్గారు. వాళ్ళ బిడ్డలు మిగతా బిడ్డల్లాగే పెరిగారు. అంటే పాలిస్తూనే తగ్గొచ్చు, నెమ్మదిగా తగ్గితే. పాలు మానిపించాల్సిన పనే లేదు.

నెమ్మదిగా అన్న మాట నచ్చనివాళ్ళకు మూడో దారి ఫోన్లో దొరుకుతుంది. విజయవాడ నుంచి మొదలై కొన్నేళ్ళ కిందట ఊరూరా పాకిన వీరమాచనేని రామకృష్ణ డైట్ గుర్తుండే ఉంటుంది, అన్నం మానేసి రోజుకు 70 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. దాని మంచిచెడ్డల తగవు ఇక్కడ నాకొద్దు. పాలిచ్చే తల్లి మాత్రం పిండిపదార్థాలు పూర్తిగా మానేసే ఏ డైటూ ముట్టుకోకూడదు. పాలలో చక్కెర పోస్తూ, లోపలికి చక్కెర రాకపోతే రక్తం ఆమ్లమయమై ఆస్పత్రి పాలైన కేసులున్నాయి. స్వీడన్‌లో అలాంటిదొకటి 2015లో వైద్య పత్రికకెక్కింది. మధుమేహం లేని తల్లి ఆవిడ. స్లిమ్ టీలు, పొడులు, కొత్తగా వచ్చిన బరువు తగ్గించే సూదులు కూడా పాలిచ్చినన్నాళ్ళూ దూరమే.

మరేం చెయ్యాలి? మొదటి ఆరు వారాలు బరువు సంగతే ఎత్తొద్దు. తిననివ్వండి, తాగనివ్వండి, నిద్రపోనివ్వండి. లేచి ఇంట్లో నాలుగడుగులు వెయ్యనివ్వండి, సిజేరియనైనా సరే. ఆరు వారాల పరీక్షలో డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టొచ్చు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, ఆకుకూర. వేపుడు బదులు పులుసు. నెయ్యి పెద్ద చెంచాకు 120 కేలరీలు, మూడు చెంచాలు ఒకటైతే ఏం పోదు. సున్నుండ రోజూ కాకుండా పండక్కి. రోజు మొత్తం మీద 1,800 కేలరీలకు తగ్గొద్దు. సాయంత్రం అరగంట గట్టు మీద నడక. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తూ, నెలనెలా అంగన్‌వాడీ తూకంలో గీత పైకి పోతూ ఉంటే పాలు చాలుతున్నట్టే, తల్లి తగ్గుతున్న బరువు క్షేమంగా తగ్గుతున్నట్టే. ఎంత చేసినా తగ్గకపోయినా, ఏమీ చెయ్యకుండా గబగబా తగ్గినా థైరాయిడ్ పరీక్ష చేయించాలి, కానుపు తర్వాత అది గతి తప్పడం మామూలే. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్ళు ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్ళీ చూపించుకోవాలి.

మన రాష్ట్రంలో నూటికి 36 మంది ఆడవాళ్ళు అధిక బరువున్నారని, దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయే చెప్పింది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, చాలా ఇళ్ళలో ఉంటున్నాయి కూడా. ఒళ్ళుంది కదా అని తిండి కోస్తే పోయేది ముందు రక్తమే.

నీళ్ళు తాగమంటున్నావు, ఏ నీళ్ళు తాగాలి అని మా కొల్లేరు సరస్సు చుట్టుపక్కలవాళ్ళు నన్ను నిలదియ్యొచ్చు. న్యాయమే. పై ఊళ్ళ మురుగంతా దిగేది ఇక్కడికే. 2020 డిసెంబరులో ఏలూరులో సుమారు 600 మంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోతే, సీసమా, పురుగుమందులా అని నిపుణులే తలోమాట అన్నారు. ఇక్కడ మంచినీళ్ళంటే డబ్బు పెట్టి కొనుక్కునే క్యాను. పంచాయతీని నిలదియ్యాల్సిన విషయం అది. అంతేగాని బాలింత గ్లాసు సగం చేస్తే నీళ్ళు శుభ్రపడవు.

ఇక ఆస్పత్రుల వాళ్ళతో ఒక తగవు మిగిలింది. డిశ్చార్జి కాగితం మీద మాత్రలు, కుట్లు విప్పే తేదీ ఉంటాయి. తిండి గురించి, నీళ్ళ గురించి ఒక్క ముక్క ఉండదు. అడిగితే నర్సమ్మే "మీ పెద్దవాళ్ళు చెప్పినట్టు పథ్యం చెయ్యండి" అనేస్తుంది. చెప్పినా ఆ పిల్లకు చెబుతారు. ఇరవై రెండేళ్ళ పిల్ల, మొదటి కానుపు, కుట్ల నొప్పి, ఇంటికెళ్ళి తల్లికి ఎదురు చెబుతుందా? డాక్టరుగారు చెప్పాల్సింది మంచం పక్కన ఫ్లాస్కు పట్టుకు నిలబడ్డ ఆ పెద్దావిడకు. "అమ్మా, మీ అమ్మాయికి నీళ్ళు, పెరుగు, గుడ్డు, చేప ఈ రోజు నుంచే పెట్టండి, పొట్ట సంగతి నేను ఆరు వారాలకు చూస్తాను" అని, ఆవిడ కళ్ళలోకి చూసి, ఆ మాటే కాగితం మీద తెలుగులో రాసిచ్చి పంపాలి.